కేర్ ప్లాన్‌లో నేను రాయని జావ

ఇది రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. నా దగ్గర ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. నర్సింగ్ రెండో సంవత్సరంలో నేను రాసిన కేర్ ప్లాన్. మా బ్యాచ్‌లో దానికే ఎక్కువ మార్కులొచ్చాయి. తర్వాత చాలా ఏళ్ళు జూనియర్లకూ, ఇప్పుడు నా వార్డుకు పోస్టింగు మీద వచ్చే పిల్లలకూ దాన్నే చూపిస్తూ వచ్చాను. పేషెంటును ఎట్లా గమనించాలో ఇది చూసి నేర్చుకోండి అని చెప్పేదాన్ని.

పోయిన నెల ఒక అమ్మాయి దాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. అట్లా చదివినవాళ్ళు తక్కువ. చదివి, "మేడం, పదకొండో రోజు నుంచి పద్దెనిమిదో రోజు దాకా ఈమె ఏమీ తినలేదని ఉంది. అంత గాయంతో ఎట్లా నిలబడింది?" అని అడిగింది.

సెలైన్ పెట్టారు కదా అన్నాను. సెలైన్ పెట్టిన మాట నిజమే. కానీ ఆ రోజుల్లో ఆమె లోపలికి ఇంకొకటి కూడా పోయింది. అదేమిటో, ఎట్లా ఆగిపోయిందో నాకు తెలుసు. నోట్‌బుక్‌లో మాత్రం లేదు. లేకుండా చేసింది నేనే. ఇన్నేళ్ళూ సగం లెక్కనే పాఠంగా చెప్పాను కాబట్టి మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను బొగ్గుబాయి ఊళ్ళో పుట్టినదాన్ని. నాన్న భూగర్భంలో పనిచేసేవాడు. మా క్వార్టర్లకు రెండు వీధుల అవతల శాఖా గ్రంథాలయం ఉండేది. పొద్దున తెరిచేటప్పటికి నేను మెట్ల మీద ఉండేదాన్ని. బడి పుస్తకాలు నాకు అంతగా ఎక్కలేదు కానీ అక్కడి బీరువాలన్నీ వరసగా చదివాను. విజ్ఞాన సర్వస్వం సంపుటాలు, వ్యవసాయం, పశువైద్యం, ఆరోగ్యం, ఏది దొరికితే అది. ఇంటర్ తెలుగు మీడియం. నర్సింగ్ అంతా ఇంగ్లీషు. మా ఖమ్మం స్కూల్లో చేరిన మొదటి ఆరు నెలలు పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీ తవ్వుకుంటూ పోయాను. తోటి పిల్లలు గైడ్లు కొనుక్కుంటే నేను స్కూలు అల్మారా తాళంచెవి అడిగి తీసుకున్నాను. అందులో నర్సింగ్ డయాగ్నసిస్‌ల మీద లావుపాటి పుస్తకం ఒకటి ఉండేది. దాని జాబితా మొత్తాన్ని జేబులో పట్టే చిన్న నోటు పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ఆ సంగతి అందరికీ తెలిసేట్టు చూసుకున్నాను కూడా.

డయాగ్నసిస్ అంటే డాక్టరు చెప్పేదే అనుకుంటారు చాలామంది. డాక్టరు జబ్బు పేరు చెబుతాడు. ఆ జబ్బుతో మంచం మీద ఉన్న మనిషికి ఏం కొరతపడిందో చెప్పేది నర్సు. నిద్రా, తిండా, కదలికా, ధైర్యమా? కొరత ఏమిటి, దేనివల్ల, ఏం చూసి అట్లా అంటున్నావు? ఈ మూడూ ఒక్క వాక్యంలో రావాలి. అట్లాంటివి మూడు ఎంచుకుని, ముఖ్యమైనది ముందు పెట్టి, దానికి తగ్గట్టు చేసే పని రాయడమే కేర్ ప్లాన్.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు, ఒక ఎండాకాలం మా బ్యాచ్‌ను ఆరు వారాల పోస్టింగుకు భద్రాచలం అవతల అడవి దారిలో ఉన్న ఒక దవాఖానాకు పంపారు. దాని పేరు రాయను. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో పదకొండో నంబరు మంచం నాకు పడింది. అది తమకు పడనందుకు మిగతా పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు.

ఆమె కోయ మనిషి, నలభై అయిదు దాటి ఉంటుంది. తెల్లవారగట్ల ఇప్పపువ్వు ఏరుకోవడానికి పోయి చెట్టుకింద గుడ్డెలుగు చేతిలో పడింది. ఇప్పపువ్వు ఎలుగుకూ ఇష్టమే. తల మీద కుట్లు మానుతున్నాయి. ఎడమ తొడ మీద మాత్రం రెండు అరచేతులంత మేర చర్మం లేదు. అక్కడ ఎర్రటి కొత్త కండ పైకి వస్తే వేరే చోటి చర్మం తీసి అతకాలని సర్జన్ ఆలోచన. కండ రావాలంటే ఆమె తినాలి.

ఆమె తినడం లేదు. కేసు షీట్ మీద ఎవరో నీలం సిరాతో "సహకరించదు" అని రాసిపెట్టారు. నాకు ఆమెను అప్పగించింది ఆమె దవాఖానాలో చేరిన పదమూడో రోజున. పళ్ళెం ముందు పెడితే ఒక్క వేలితో పక్కకు జరిపేది. బతిమాలితే గోడవైపు తిరిగేది. తెలుగు బాగానే అర్థమయ్యేది కానీ మాట్లాడటం తక్కువ. మొదటి రోజు పాలగ్లాసు తీసుకుపోయాను. పాలలో ఏముంటుందో, గాయానికి అది ఎట్లా పనికొస్తుందో పుస్తకంలో ఉన్నట్టు వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, "నేను దూడనా?" అంది.

పక్క మంచం ఆమె నవ్వింది. వార్డు ఊడుస్తున్న ఆయమ్మ కూడా చీపురు ఆపి నవ్వింది. ఆయమ్మది దవాఖానా వెనక గూడెం. తనూ కోయ మనిషే. నన్ను చూస్తే ఆమెకు సరదా. "మీ స్కూల్ల పుస్తకాల అల్మారా సగం తిన్నవని మీ పిల్లలంటున్రు. ఇంకా ఆకలి తీరలేదా బిడ్డా?" అనేది.

ఆ మధ్యాహ్నమే పేషెంటు భర్త దగ్గర వివరాలు రాసుకున్నాను. సన్నటి మనిషి, తలకు తువాలు, మంచం పక్కన నేల మీద గొంతుక్కూర్చునేవాడు. ఊరు, పిల్లలు, అలవాట్లు, ఇంతకుముందు జబ్బులు, ఫారంలో ఉన్న గళ్ళన్నీ వరసగా అడిగాను. అన్నీ అయ్యాక ఆయనే ఒక మాట అన్నాడు.

"సిస్టరమ్మా, మా ఊళ్ళె మామిడి పండుగ కాలే ఇంకా. నేను చెయ్యాలె. ఎట్ల మరి?"

"పండుగలు తర్వాత. ముందు ఆమె కాలు మానాలె," అన్నాను.

"అవ్. కాలు మానాలె," అన్నాడు. కాసేపు నా పెన్ను వంక చూశాడు. "రాసుకున్నవా?"

"రాసుకున్న."

నిజంగానే రాసుకున్నాను. మతపరమైన అవసరాలు అనే గడిలో, "ఊళ్ళో పండుగ ఉంది, ఇంటికి పోవాలని తొందరపడుతున్నారు" అని. ఆయన నిదానంగా తల ఊపి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

మర్నాడు ఇంకో తెలివైన పని చేశాను. పుల్లని కాయల్లో గాయాన్ని మాన్పే గుణం ఉంటుందని లైబ్రరీలో చదివినది గుర్తొచ్చింది. పుల్లనిది చూస్తే నోరూ ఊరుతుంది. వంటింట్లో పచ్చి మామిడికాయ ఒకటి అడిగి తీసుకుని, సన్నగా కోసి, ఉప్పూ కారం అద్ది, స్టీలు పళ్ళెంలో అందంగా పేర్చి తీసుకుపోయాను. ఏ ఆడమనిషైనా కాదనలేని వస్తువని నా ధీమా.

ఆమె పళ్ళేన్ని చూసి మంచం మీద వెనక్కి జరిగింది. కుట్లు లాగి ఉంటాయి, మొహం ముడుచుకుపోయింది. తర్వాత చేత్తో ఒక్క తోపు తోసింది. ముక్కలు నా యాప్రాన్ మీదా నేల మీదా పడ్డాయి. భర్త లేచి నిలబడ్డాడు. ముక్కలు ఆయమ్మ ఎత్తింది. ఎత్తుతూ నా వైపు అదోలా చూసింది. అది జాలి అనుకున్నాను.

ఆ సాయంత్రం హాస్టల్లో కూర్చుని మూడు డయాగ్నసిస్‌లు ఎంచుకున్నాను. గాయం వల్ల చర్మం దెబ్బతినడం, సరే. రెండోది వైద్య సలహాను పాటించకపోవడం, మొండితనం వల్ల. మూడోది ఆహారం గురించి తెలియకపోవడం, చదువు లేనందువల్ల. పుస్తకంలో మాటలు పొల్లుపోకుండా దించాను. ఏం చూసి అంటున్నావు అన్న దగ్గర, "ఆహారాన్ని విసిరికొట్టింది" అని రాశాను.

ఇంతవరకూ నోట్‌బుక్‌లో ఉన్నదే. ఇప్పుడు చెప్పేది అందులో లేదు.

పదహారో రోజు మధ్యాహ్నం జ్వరం చూడటానికి వేళకంటే ముందే వార్డులోకి వెళ్ళాను. పదకొండో మంచానికి అడ్డంగా తువాలు వేలాడుతోంది. దాన్ని పక్కకు తీస్తే ఆమె భర్త ఒక సొరకాయ బుర్రలోంచి గ్లాసులోకి జావ వంచుతున్నాడు. ఎండిన సొరకాయను తొలిచి చేసిన బుర్ర, మెడకు తాడు. ఆమె లేచి కూర్చుని చెయ్యి చాపి ఉంది. గూడెంలో చుట్టాల ఇంట్లో జొన్న జావ కాయించి, నాలుగైదు రోజులుగా పూటకో గ్లాసు ఆమెతో తాగిస్తున్నాడని తర్వాత తెలిసింది.

"ఏంది ఇది?"

"జావనే సిస్టరమ్మా."

"బయటి తిండి పెట్టొద్దని బోర్డు చూడలేదా?"

ఆయన బోర్డు ఎక్కడుందా అని చుట్టూ చూశాడు. ఆయనకు చదువు రాదు. నేను తలుపు పక్కన గోడ మీది బోర్డు దగ్గరికి నడిచి, వేలు పెట్టి, ఒక్కో పదం పైకి చదివి వినిపించాను. వార్డంతా విన్నది. తర్వాత ఆమె చేతిలో ఉన్న గ్లాసు తీసుకున్నాను. ఆమె వదిలేసింది. లాక్కోవాల్సి వచ్చుంటే బహుశా నేనే ఆగేదాన్ని. గ్లాసును చేతులు కడుక్కునే తొట్టిలో పారబోశాను. చిక్కటి జావ, వెంటనే పోలేదు. నీళ్ళు తిప్పి వేలితో తోశాను. బుర్రను గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పగించి, ఇట్లాంటివి లోపలికి రానివ్వొద్దని చెప్పాను.

నియమం పెట్టింది నేను కాదు, నిజమే. బయటి తిండివల్ల వార్డులో వాంతులూ విరేచనాలూ వచ్చిన రోజులు ఉన్నాయని మాకు చెప్పారు. కానీ ఆమె ఏదో ఒకటి తాగుతోందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. తిననే తినదు అన్న మనిషి చెయ్యి చాపడం కళ్ళతో చూశాను. ఆ రోజు షీట్‌లో ఆహారం అన్న గడిలో "నిల్" అని రాశాను.

పదిహేడో రోజు ఆమె నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పద్దెనిమిదో రోజు పొద్దున మాత్ర మింగి కక్కేసింది. జ్వరం వచ్చింది. కట్టు విప్పితే తొడ మీది కండ ఎర్రదనం పోయి పాలిపోయి ఉంది. సర్జన్ వేలితో అంచులు నొక్కి చూశాడు. "ఇంకో వారం ఇట్లనే ఉంటే అతుకు పట్టదు. చీము లోపలికి దిగిందంటే వరంగల్ పంపుడే. అక్కడ కాలు ఉంచుతరో తీస్తరో నేను చెప్పలేను," అన్నాడు. మాకే చెప్పాడు కానీ ఆమె వింది. భర్త వంక చూసి కోయలో ఏదో అడిగింది. ఆయన ఆమె కాళ్ళ మీది దుప్పటి సర్దాడు.

ఆ మధ్యాహ్నం మా ట్యూటర్ మేడం నా నోట్‌బుక్ తిప్పి ఇచ్చారు. మేడం మధిర వైపు మనిషి. మెల్లగా మాట్లాడేవారు, తప్పించుకునే సందు ఇచ్చేవారు కాదు.

"మొండితనం అని రాసేశావు. ఈవిడ పది రోజులు శుభ్రంగా తిన్నట్టు షీట్‌లో ఉంది. అన్నం, పప్పు, రోజూ గుడ్డు. పదకొండో రోజు పొద్దున లేచేటప్పటికి మొండిదైపోయిందా?"

మేడం షీట్ నా ముందుకు జరిపారు.

"ఇన్ని పుస్తకాలు చదివావు కదా. ఈ పేజీ చదవలేదేం?"

ఆ మాట గట్టిగానే తగిలింది. షీట్ తీసుకుని ఆ పది రోజులు ఒక్కొక్కటే చూశాను. నిజమే, పది రోజులు పళ్ళెం ఖాళీ. పదకొండో రోజు నుంచి నిల్. మందులు మారలేదు, మంచం మారలేదు. మిగిలింది వంటిల్లు.

వంటాయన గంజి వారుస్తున్నాడు. "అన్నా, ఒక వారం కింద వంటల ఏమన్న మార్చినవా?" అని అడిగాను.

"మార్చేదేముంది? ఉన్నదే వండుతున్న."

"పప్పుల ఏమేస్తున్నవ్?"

"మామిడికాయ. మొన్న గాలిదుమారం వచ్చింది గద, దమ్మపేట దిక్కు తోటలాయన రాలిన కాయలు బస్తాలకొద్ది పంపిండు. పప్పుల అదే, చారుల అదే, తొక్కు అదే. ఏం, పుల్లగున్నదా? డాక్టరు గిట్ల ఏమన్న అన్నడా?"

ఒకే గరిటె అన్నంలోనూ పప్పులోనూ తిరుగుతోంది. గుడ్లు పొట్టు తీసే చెయ్యి, మామిడికాయ కోసే చెయ్యి ఒక్కటే. అప్పుడు నా నోట్‌బుక్‌లో నా చేత్తో రాసిన గడి గుర్తొచ్చింది. అక్కడే వంటింటి గడప మీద కూర్చుని ఆ పేజీ తీశాను. మామిడి పండుగ ఇంకా కాలేదు. నేను రాసినదే.

వరండాలో ఆయమ్మ గుడ్డలు ఆరేస్తోంది. వెళ్ళి అడిగాను.

"మీ వాళ్ళల్ల మామిడి పండుగ కాకముందు కాయ తినరా?"

"ఎట్ల తింటరు బిడ్డా? కొత్త కాయ ముందుగాల దేవతలకు, పెద్దలకు పెట్టాలె. అటెన్క మనం. పెట్టకముందు తింటే ఊరంతటికి కీడు."

"వేరేవాళ్ళ ఊళ్ళె కాయ అయితే?"

"కాయ ఏ ఊరిదైతేంది, నోరు ఆమెదే గద. ఆయన ఆ ఊరికి పూజారి. పూజారి పెండ్లామే తింటదా? ఆయన ఇక్కడ కూసున్నడు, అక్కడ ఊరంత కాయ ముట్టకుంట కూసున్నది. మా గూడెంల ఉగాదికే అయిపోయింది కాబట్టి నేను తింటున్న."

"మరి ఇన్ని రోజులూ నాకెందుకు చెప్పలేదు?"

ఆయమ్మ చేతిలో గుడ్డ దులిపింది. "ఆయన చెప్పిండు గద. నేను అక్కడనే ఊడుస్తున్న. నువ్ రాసుకున్నవ్. రాసుకున్నంక గూడ నీకు తెల్వదని నాకెట్ల తెలుస్తది?"

ఆయన కూడా అట్లాగే అనుకున్నాడట. చెప్పాడు, నేను కాగితం మీద పెట్టాను. ఇక దవాఖానా వాళ్ళే ఏదో దారి చూస్తారని ఎదురుచూశాడు. దారి చూడకపోగా మర్నాడు నేనే మామిడి ముక్కలు కోసుకుని వచ్చాను. అప్పుడు వాళ్ళు నన్ను గురించి ఏమనుకున్నారో ఆయమ్మను అడిగాను. "చదువుకున్న పిల్ల, కావాలనే చేసిందనుకున్రు," అంది.

మేడం దగ్గరికి వెళ్ళి పండుగ సంగతి చెప్పాను. జావ సంగతి చెప్పలేదు. మేడం సర్జన్‌తో మాట్లాడారు. ఆయన తలగోక్కుని, "కాలు దక్కాలె, అంతే. వేరే కుండల వండిపెట్టుండ్రి," అని ఆర్డరు షీట్‌లో రాశాడు. ఆయమ్మ ఇంట్లో వండుతుంది. అన్నం, పెసరపప్పు, జావ. గుడ్లు పొట్టుతోనే తెచ్చి మంచం దగ్గర ఒలవాలి. పండుగ చేసి రావడానికి భర్త ఊరికి పోవాలి. ఆయన లేని రోజుల్లో ఆమెకు తోడు మనిషిగా ఎవరు ఉంటారు అన్నది ప్రశ్న. నేను ఉంటానన్నాను. ఆయన నా వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఆయమ్మను చూశాడు. ఆయమ్మ, "నేనున్న, పో," అంది. అప్పుడు కదిలాడు.

మర్నాడు పొద్దున ఆయన బయల్దేరే ముందు నేను గేటు దగ్గరికి వెళ్ళి బుర్ర అడిగాను. పారేసి ఉంటాడని భయపడ్డాను. వాచ్‌మన్ అర మీదినుంచి తీసిచ్చాడు. "మంచిగున్నదని ఉంచిన. నీళ్ళకు పనికొస్తదనుకున్న," అన్నాడు కొంచెం బాధగా.

దాన్ని పదకొండో మంచం దగ్గరికి తీసుకుపోయి ఆమె చేతికిచ్చాను. తప్పయిందని చెప్పాలనుకుని నేర్చుకున్న వాక్యం నోట్లోనే ఉండిపోయింది. ఆమె బుర్ర మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. మూడు రోజుల పులిసిన జావ అడుగున ఉంది.

"కడుగు," అంది.

తొట్టి దగ్గర కడిగాను. ఇసుక వేసి ఊపి, రెండుసార్లు, మూడుసార్లు. ఆయమ్మ తెచ్చిన వేడి జావ అందులో పోసి, గ్లాసులోకి వంచి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. "నువ్ తాగు," అంది. నేను తాగాను. ఉప్పూ పులుపూ కలిసిన రుచి, అడుగున పలుకులు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆమె నా గొంతు వంకే చూసింది. తర్వాత అదే గ్లాసులో పోయించుకుని తను తాగింది. ఆ రోజు రెండు గ్లాసులు, ఒక గుడ్డు. షీట్‌లో సరిగ్గా అంతే రాశాను.

ఆయన నాలుగో రోజు వచ్చాడు. మోదుగాకులో చుట్టిన మామిడి ముక్క ఒకటి తెచ్చాడు, పెద్దలకు పెట్టినదాంట్లోది. ఆమె తల మీద కొంగు వేసుకుని తిన్నది. నాకు పెట్టలేదు, నేను ఆశించలేదు కూడా. మధ్యాహ్నం దవాఖానా పళ్ళెం తెమ్మంది. మామిడికాయ పప్పు నాలుగు ముద్దలు తిని, "ఉప్పు లేదు," అంది. ఆ మాట వంటాయనకు చేరవేశాను. "పదిరోజులు ముట్టకుంట ఇప్పుడు వంక పెడ్తదా?" అన్నాడు, కానీ మర్నాటి నుంచి ఉప్పు కొంచెం ఎక్కువే పడింది. పాలు మాత్రం చివరిదాకా తాగలేదు.

పది పన్నెండు రోజులకు తొడ మీద కండ ఎర్రగా లేచింది. కుడి తొడ చర్మం తీసి అతికారు. అయిదో రోజు కట్టు విప్పేటప్పుడు నేను ట్రే పట్టుకుని ఉన్నాను. మూల దగ్గర రూపాయి బిళ్ళంత మేర పట్టలేదు, మిగతాదంతా పట్టింది. మా పోస్టింగు అయిపోయేనాటికి ఆమె గోడ పట్టుకుని వార్డు చివరి దాకా నడుస్తోంది. వరంగల్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కేర్ ప్లాన్ మళ్ళీ రాశాను. ఈసారి మొదటి డయాగ్నసిస్‌గా, తెలియకపోవడం అన్నదాన్నే ఉంచి, పేషెంటు అన్న చోట విద్యార్థి నర్సు అని పెట్టాను. చాలా వినయంగా ఉందనుకున్నాను. మేడం దాన్ని ఎర్ర గీతతో కొట్టేశారు. "ఇది నీ గురించి కాదమ్మా. మంచం మీద ఉన్నది ఆవిడ. ఆవిడకు ఏం కొరతపడిందో రాయి."

అప్పుడు రాసింది ఇది. శరీరానికి చాలినంత ఆహారం అందకపోవడం. కొత్త కాయ పండుగ జరగకముందే దవాఖానా వంటలో మామిడికాయ కలవడం వల్ల. పది రోజులు పూర్తిగా తిని పదకొండో రోజు మానేయడం చూసి. ఇట్లాంటి కారణం ఏ పుస్తకంలోనూ లేదని మేడం అన్నారు. లేకపోయినా ఉంచమన్నారు. మార్కులు ఆ వాక్యానికే వచ్చాయి.

ఆ రోజు మేడం ముందు నిలబడి ఉన్నప్పుడు జావ సంగతి చెప్పి ఉండొచ్చు. చెబితే షీట్ దిద్దాలి, నా సంతకం మీద ఇంకో సంతకం పడాలి. అప్పటికే నేను కనిపెట్టినదానిగా పేరు వచ్చింది. నిజానికి కనిపెట్టడానికి ఏముంది? ఆయన నాకు చెప్పాడు, నేను రాసుకున్నాను. ఆ గడిని మళ్ళీ చదవడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజుల్లో ఆమె కాలును నిలబెట్టింది ఆ జావే. చివరి రెండు రోజులు అది లేకుండా చేసినది నేను.

అందుకని ఆ షీట్‌ను ఇప్పుడు దిద్దుతున్నాను. పన్నెండో రోజు నుంచి పదహారో రోజు పొద్దుటి దాకా: జొన్న జావ, పూటకో గ్లాసు, భర్త పెట్టాడు. పదహారో రోజు మధ్యాహ్నం: ఒక గ్లాసు, నేను పారబోశాను. పదిహేడు, పద్దెనిమిది: నిల్. ఈ కాగితం నోట్‌బుక్‌లో ఆ పేజీ పక్కనే అతికిస్తాను. ఇకమీద చదివేవాళ్ళు రెండూ కలిపి చదవాలి.

సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. దవాఖానాలో కలిసిన మనుషుల పేర్లు బయట పెట్టకూడదన్నది మాకు మొదటి పాఠం కాబట్టి, వాళ్ళు ఏ పనితో నాకు తెలుసో ఆ పనితోనే చెబుతాను. పొద్దున్నే తలుపు తీసి, మూసేవేళ దాటినా నన్ను లేపని మా ఊరి లైబ్రేరియన్ గారికి. పేజీ చూపించిన ట్యూటర్ మేడంకు. ఉప్పు పెంచిన వంటాయనకు. బుర్ర పారేయని వాచ్‌మన్‌కు. ఆర్డరు షీట్‌లో ఆ ఒక్క వాక్యం రాసిన సర్జన్ గారికి. వేరే కుండలో వండి, నేను నమ్మదగినదాన్ని కాని రోజున నా బదులు మాటిచ్చిన ఆయమ్మకు. ఒకసారి చెబితే చాలనుకున్న ఆ పూజారి గారికి. గ్లాసు నాకు ముందిచ్చిన పదకొండో మంచం అమ్మకు. చివరగా, నోట్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, ఎట్లా నిలబడింది మేడం అని అడిగిన ఆ అమ్మాయికి.